ఓర్చుకొనుచున్నది గనుక సుఖముగా నున్నదా?

ధ్యాన భాగములు: సామెతలు 12:10, కీర్తన 104:24-28, ఆదికాండము 1:20-28



ఈ మాసము మేము ధ్యానమునకు తీసికొనిన విషయమును చూచి మీలో కొందరు నవ్వవచ్చును. సీసాలో పెంచుకొను చేపను గూర్చి వాక్యములో నుండి చెప్పవలసినదేమున్నదని అడుగవచ్చును. నవ్విన తరువాతనైనను చదువుడని మా మనవి. ఏలయనగా ఈ చేప మన ఇండ్లకు వచ్చియున్నది. నెల్లూరు వెళ్ళిన తండ్రి పిల్లవాని పుట్టినరోజునకో, క్రిస్మసు బహుమానముగనో, ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి కట్టిన ఒక చేపను తెచ్చును. అంగడివారు దానిని ఫైటర్ అందురు. శాస్త్రము చదివినవారు బెట్టా అందురు. ఎరుపో నీలమో మెరయు రంగు, చీర కుచ్చెళ్ళవలె వ్రేలాడు రెక్కలు. ఇంటిలో హార్లిక్స్ సీసాయో ఊరగాయ జాడీయో ఖాళీగా నుండును గనుక దానిలో వదలుదురు. మొదటి వారము ఇంటిల్లిపాదియు చూతురు. రెండవ వారము పిల్లవాడు మాత్రము చూచును. ఆ తరువాత ఒక దినము ముగ్గురు మేత వేయుదురు, ఒక దినము ఎవరును వేయరు.

“బాగనే ఉండాది గదా అయ్యగారూ, నెల దాటినా చావలేదు” అని ఒక ఇంట మాతో అనిరి. చెడ్డ మనస్సుతో అనిన మాట కాదు. అయినను ఆ మాటలో ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. చావలేదు గనుక బాగుగా నున్నదని చెప్పవచ్చునా? ఒక ప్రాణికి ఓర్చుకొను శక్తి కలదు గనుక, దానిచేత ఓర్పించుటకు మనకు అధికారము కలుగునా? ఈ ప్రశ్న చేపతో మొదలగుచున్నది గాని చేపతో ఆగదు.

ముందుగా ఆ చేప సంగతి కొంత తెలిసికొనవలెను. దాని స్వదేశము సయాము, అనగా నేటి థాయిలాండు. 2019లో ఆ దేశ ప్రభుత్వము దానిని తమ జాతీయ జలచరముగా ప్రకటించినది. అక్కడ అది మన కొడవలూరి మళ్ళవంటి వరిమళ్ళలోను, పంటకాలువలలోను, గడ్డి మొలచిన పల్లపు నీళ్ళలోను బ్రదుకును. అట్టి నీళ్ళు వెచ్చగా, కదలిక లేక నుండును. వాటిలో ప్రాణవాయువు తక్కువ. కావున సృష్టికర్త దానికి మొప్పలతో పాటు, మొప్పలకు పైగా మరియొక అవయవము నిచ్చెను. అది చిక్కుదారివలె మడతలు పడియుండును. చేప నీటిపైకి వచ్చి ఒక గుటక గాలి మ్రింగి, దానిలోని ప్రాణవాయువును ఆ మడతలలో గ్రహించును. మనవారికి ఇది వింత కాదు. అంగడిలో ఇతర చేపలు మంచుగడ్డపై చచ్చి పడియుండగా, కొర్రమీను మాత్రము తొట్టిలో కొద్దిపాటి నీళ్ళలో గంటలకొలది ప్రాణముతో నుండుట చూచియున్నాము. దానికిని గాలి పీల్చు ఏర్పాటు కలదు గనుకనే అట్లుండును.

ఇక్కడ గమనింపవలసిన సంగతి యొకటి కలదు. దేవుడు ఆ చేపకు ఇచ్చిన ఈవియే మనుష్యుని చేతిలో దానికి ఉచ్చు అయినది. వేరొక చేపను ఆ సీసాలో పెట్టినచో త్వరలోనే చచ్చి తేలును. ఇంటివాడు, అయ్యో, నీళ్ళు చాలలేదే అని నేర్చుకొనును. బెట్టా అట్లు త్వరగా చావదు. గాలిని పైనుండి తెచ్చుకొనును. కావున అంగడివాడు దానిని టీ గ్లాసంత డబ్బాలో పెట్టి వరుసగా పేర్చును. కొన్నవాడు సీసాలో పెట్టును. ఇద్దరును దాని ఓర్పునే తమకు సాక్ష్యముగా చూపుదురు. అడవిలో అది గుంటలో బ్రదుకునది గనుక సీసా దానికి సహజమే అనువారును కలరు. ఇది సరి కాదు. వరిమడి లోతు తక్కువ గాని వెడల్పు తక్కువ కాదు. ఆ నీటిలో మొక్కలు, పురుగులు, నీడలు కలవు. సీసాలో గాజు తప్ప ఏమియు లేదు.

మరియు గాలి యొకటియే జీవము కాదు. ఆ కొద్ది నీటిలోనే చేప మలము విడుచును, మిగిలిన మేత క్రుళ్ళును. వాటినుండి అమ్మోనియా పుట్టును. అమ్మోనియా మొప్పలను కాల్చును. రెక్కల అంచులు చినుగును, రంగు వెలవెలబోవును, చేప అడుగున పడి కదలక యుండును. పిల్లలు, “నిద్రపోతున్నది” అందురు.

అమ్మోనియా అనగానేమి అని మన ప్రాంతములో బోధింప నక్కరలేదు. ఇక్కడనుండి అల్లూరు, విడవలూరు వైపు సముద్రపు దిక్కునకు వెళ్ళినచో రొయ్యల గుంటలు కనబడును. 1990ల దశకములో టైగరు రొయ్య, తెల్లమచ్చల తెగులుతో ఎందరిని అప్పులపాలు చేసెనో మన పెద్దలు ఎరుగుదురు. 2009 తరువాత వనామీ రొయ్య వచ్చినది. గుంట పెట్టిన రైతు నీటిని పరీక్ష చేయించును, ఉప్పెంతో, పి.హెచ్. ఎంతో, ప్రాణవాయువు ఎంతో, అమ్మోనియా ఎంతో కాగితము మీద వ్రాసికొనును. చెక్ ట్రే ఎత్తి మేత మిగిలినదో లేదో చూచును. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగినచో మంచము మీదనుండి దుమికి పరుగెత్తి జనరేటరు వేయును. ఎండ, వాన, మబ్బు పట్టిన దినము, ఒక్కొక్కటి నీటికేమి చేయునో ఆయనకు తెలియును. అట్టి రైతు ఇంటిలోనే, టీవీ ప్రక్కన, పచ్చబడిన సీసా నీటిలో ఒక చేప ఆ అమ్మోనియాతోనే బాధపడుట మేము చూచితిమి. ఆయనకు తెలివి లేదని ఎవరు చెప్పగలరు? తెలివి ఉన్నది. గుంటలో లక్షలున్నవి, సీసాలో నూరు రూపాయలున్నది, అంతే భేదము. మనకు లాభము వచ్చు ప్రాణిని మనము ఎరుగుదుము. లాభము లేని ప్రాణిని, అది మన కన్నుల ఎదుట ఉన్నను, ఎరుగము.

సామెతల గ్రంథము 12వ అధ్యాయము 10వ వచనమును తెరచి చూడుడి. నీతిమంతునికిని అతని పశువునకును గల సంబంధమును జ్ఞాని అక్కడ చెప్పుచున్నాడు. హెబ్రీ మూలములో వాడబడిన క్రియకు ఎరుగుట అని అర్థము. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగినవాడు. జాలిపడెనని మాత్రమే కాదు, ముద్దు చేసెనని కాదు, దాని ప్రాణము ఎట్టిదో, దానికేమి కావలెనో, దేనికి అది అలసిపోవునో తెలిసికొనెనని. ఆ వచనము రెండవ భాగము మరింత భయము పుట్టించునది. దేవుని ఎరుగనివాని జాలి కూడ చివరకు క్రూరత్వముగా తేలునని దాని తాత్పర్యము. ఇది కఠినమైన మాటయని అనుకొంటిరా? పిల్లవాడు ప్రేమతో బిస్కత్తు ముక్క వేయును, అవ్వ ప్రేమతో అన్నము మెతుకు వేయును. చేప మాంసాహారి, ఆ మెతుకు దానికి ఆహారము కాదు. మెతుకు అడుగున క్రుళ్ళును, రెండు దినములలో నీళ్ళు విషమగును. అక్కడ ద్వేషించినవారు ఎవరును లేరు. ఎరుగక ప్రేమించినవారే ఉన్నారు.

ఇంకొక సంగతి చెప్పవలెను. మగ బెట్టా నీటిపై చిన్న చిన్న గాలి బుడగలను నోటితో ఊది, నురుగువలె ఒక గూడు కట్టును. ఆడది గ్రుడ్లు విడిచినప్పుడు మగదే వాటిని నోట కరచుకొని తెచ్చి ఆ బుడగలలో అమర్చును. జారిపడిన వాటిని మరల మరల ఎత్తి పెట్టును. పిల్లలు ఈదగలుగువరకు తండ్రియే కావలి కాయును. యుద్ధము చేయునదని పేరు పెట్టబడిన చేపకు దేవుడు ఇట్టి పితృహృదయమును పెట్టెను. ఆడ చేప లేకున్నను, ఒంటరి సీసాలో సహితము, మగది గూడు కట్టుచుండును. ఇంటివారు దానిని చూచి, గూడు కట్టినది గనుక సంతోషముగా నున్నదందురు. అది సత్యము కాదు. చెడ్డ నీటిలోను అది గూడు కట్టును. అది దాని పుట్టుక గుణము. మనము ఎంత కొరత పెట్టినను దేవుడు దానిలో పెట్టినది పూర్తిగా చావలేదని మాత్రమే ఆ గూడు చెప్పుచున్నది.

ఈ సందర్భములో మన తాతముత్తాతలు మాకు జ్ఞాపకము వచ్చుచున్నారు. మోకాటి లోతు బురదలో వంగి నాట్లు వేయుచు స్త్రీలు పాటలు పాడిరి. గట్టుమీద గొడుగు క్రింద నిలిచిన ఆసామి ఆ పాట విని, చూడుడి, వీరు సంతోషముగా నున్నారు, వీరికిది అలవాటే అనెను. ఎండ వారికి అలవాటే. గంజి వారికి అలవాటే. ఊరి వెలుపల ఉండుట వారికి అలవాటే. మన సంఘములలోని ఎన్ని కుటుంబములు ఈ “అలవాటే” అను మాట క్రింద నలిగినవో వ్రాయనక్కరలేదు. ఓర్చుకొనువారి ఓర్పును చూచి వారికి బాధ లేదని తీర్పు తీర్చుట లోకములో మిక్కిలి పాతదైన అన్యాయము. పాట పాడుట వారి నడుము నొప్పి లేదనుటకు సాక్ష్యము కాదు.

1876 మొదలు 1878 వరకు కలిగిన గొప్ప కరువులో, ఒంగోలు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ళు త్రవ్వించు పనిని గుత్తకు తీసికొనిరి. ఆకలిగొన్నవారికి కూలి దొరకవలెనని ఆయన ఉద్దేశము. ఆయన చేసిన ఏర్పాటులో ఒకటి గమనింపదగినది. తన బోధకులనే పనిమీద మేస్త్రీలుగా పెట్టిరి. పనివారు అలసి కూర్చుండినప్పుడు ఆ బోధకులును వారితో కూర్చుండి ఓదార్పు మాటలు చెప్పిరి. ఎన్ని గంపలు మన్ను మోయగలరని మాత్రము లెక్కించు మేస్త్రీ యొకడు, మోయువాని ప్రాణమును ఎరిగిన మేస్త్రీ యొకడు. పని అదే, కాలువ అదే, కూలి కూడ అదే కావచ్చును. భేదము ఎక్కడ నున్నదో అక్కడ త్రవ్విన వారికి తెలిసినది.

మనుష్యులను చేపతో పోల్చుచున్నారేమి అని ఎవరైనను నొచ్చుకొందురేమో. మనుష్యుడు దేవుని స్వరూపమందు చేయబడినవాడు. చేప అట్లు కాదు. మేము పోల్చునది వారిని కాదు, పైనున్న వాని హృదయమును. ఒకచోట “ఓర్చుకొనునులే” అని పలుకుటకు అలవాటుపడిన నాలుక మరియొక చోట ఊరుకొనదు. ఇంటిలో పనిపిల్ల, పొలములో జీతగాడు, క్రొత్తగా వచ్చిన కోడలు, ఇంకను ఎవరెవరో ఆ మాట క్రిందికి వత్తురు.

పౌలు మాటను ఎత్తి చూపువారు కలరు. కళ్ళము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము వేయరాదని మోషే ధర్మశాస్త్రమున్నది (ద్వితీయోపదేశకాండము 25:4). పౌలు దానిని కొరింథు సంఘమునకు చూపించి, దేవుడు ఎడ్లను గూర్చియా చెప్పెను, మన నిమిత్తము గదా అను భావముతో వ్రాసెను (1 కొరింథీయులకు 9:9,10). కావున దేవునికి జంతువులతో పని లేదందురు. మా తలంపు ఇట్లున్నది. పౌలు వాదన క్రింది మెట్టునుండి పై మెట్టునకు ఎక్కు వాదన. ఎద్దునకే న్యాయము చేయవలసియుండగా సువార్తికునికి మరి యెంత చేయవలెను అనుట. క్రింది మెట్టు పీకివేసినచో పై మెట్టు నిలువదు. ఎద్దు నిజముగా తినవలెనని ఆజ్ఞ లేకున్నచో పౌలు చెప్పిన పోలికకు ఆధారమే లేదు. యోనా గ్రంథము చివరి వచనములో నీనెవె పట్టణమును దేవుడు ఎందుకు కనికరించెనో చెప్పుచు, కుడి యెడమలు తెలియని జనులతో పాటు పశువులను కూడ లెక్కలోనికి తెచ్చెను. ఆ గ్రంథము పశువుల మాటతోనే ముగియుచున్నది.

దీనికంటె గట్టి ఆక్షేపణ మన వంటింటిలో నున్నది. మనము నెల్లూరివారము. చేపల పులుసు తినక మనకు పండుగ లేదు. వలలో వేలకొలది చేపలు కొట్టుకొని చచ్చుచుండగా సీసాలోని యొక చేపను గూర్చి ఇంత వ్రాయుటేల? ఇది న్యాయమైన ప్రశ్నయే. మన ప్రభువు చేప తినెను (లూకా 24:42,43), తన శిష్యులకు నిప్పులమీద కాల్చి పెట్టెను (యోహాను 21:9-13). చేప తినుట పాపమని మేము బోధింపలేము. అయినను తినుటయు ఉంచుకొనుటయు రెండు వేరు సంబంధములు. సముద్రములోని చేప వల పడు దినము వరకు దేవుని చేతి క్రింద నున్నది. 104వ కీర్తన కర్త చూచినట్లు, ఆయన గుప్పిలి విప్పగా అది తినుచు, ఆయన ఏర్పరచిన నీటిలో ఈదినది. మనము సీసాలో పెట్టిన చేపను ఆ చేతిలోనుండి తీసికొంటిమి. ఇకమీదట గుప్పిలి విప్పవలసినవారము మనమే. అది ఆకలిగొని మరియొక చోటికి పోలేదు. నీళ్ళు వేడెక్కినచో నీడకు పోలేదు. మేక అరచును, ఎద్దు కొమ్ము విసరును, కోడి గంప క్రింద గోల చేయును. చేపకు స్వరము లేదు. ఒక ప్రాణికి ఇతర ద్వారములన్నియు మూసి, మన చేతిని మాత్రము ద్వారముగా మిగిల్చినప్పుడు, ఆ చేయి మరచుటకు వీలు లేదు. మన బాధ్యత ఆ చేప విలువనుబట్టి వచ్చినది కాదు, మనము మూసిన ద్వారములనుబట్టి వచ్చినది.

నాతాను దావీదుతో చెప్పిన ఉపమానమును తలంచుడి (2 సమూయేలు 12:1-4). బీదవాడు ఒక చిన్న ఆడు గొఱ్ఱెపిల్లను కొని పెంచెను. అది అతని ముద్దలో పాలు పంచుకొని, అతని గిన్నెలో త్రాగి, కూతురివలె నుండెను. ఇశ్రాయేలులో గొఱ్ఱెను తినుట నిషిద్ధము కాదు. ధనవంతుని మందలో గొఱ్ఱెలు విందులకు కోయబడునవే. అయినను ఆ బీదవాని ఇంటిలో అదే జాతి ప్రాణికి వేరొక స్థానము కలిగినది. దావీదునకు కోపము రగులుటకు ఎవరును వివరింపనక్కరలేకపోయెను. పెంచుకొనుట అనునది ఒక మాట ఇచ్చుట వంటిదని ఆయనకు తెలియును.

ఆదికాండము మొదటి అధ్యాయములో మరియొకటి చూడుడి. లేఖనములలో దేవుని మొదటి దీవెన మనుష్యుని మీద పలుకబడలేదు. అయిదవ దినమున జలచరములును పక్షులును దీవింపబడెను (1:22). మనుష్యుడు అప్పటికి లేడు. తరువాత ఏలుబడి ఇయ్యబడినప్పుడు సముద్రపు చేపలు ఆ వరుసలో మొదట చెప్పబడినవి (1:28). చేప మన చేతికి అప్పగింపబడక ముందే దీవెన పొందియున్నది. దీవెన గలదానిని దీవించినవాని ఇష్టమునకు తగినట్లు ఏలవలెను గదా.

చేపకు నొప్పి యుండునా అని కొందరు సందేహింతురు. 2003లో బ్రిటనులో లిన్ స్నెడన్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె తోడివారును ట్రౌటు అను చేప తలలో హానిని కనిపెట్టు నరములు కలవని చూపిరి. పెదవికి ఆమ్లపు మంట తగిలిన చేపలు మేత మాని, పెదవిని గులకరాళ్ళకు రుద్దుకొనెను. చేప అనుభవము మన అనుభవమువంటిదేనా అని పండితులు ఇంకను వాదించుకొనుచున్నారు. వాదించుకొననిండు. మన దేశపు శాసనము మాత్రము వేచియుండలేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టములో, జంతువు అనగా మనుష్యుడు గాక ప్రాణముగల ఏదైనను అని నిర్వచనము వ్రాయబడినది. దానిని ఉంచుకొనినవాడు దాని క్షేమమునకు తగిన జాగ్రత్త తీసికొనవలెననియు, కదలుటకు చాలని పంజరములోనో పాత్రలోనో మూయుట నేరమనియు అందులో కలదు. శాసన భయముచేత కాక, మనస్సాక్షినిబట్టి చేయుట మేలు.

ఇక ఎరుగవలసిన పనులు. గాజు తొట్టియే కావలెనని లేదు. వెడల్పు మూతి గల ప్లాస్టిక్ టబ్బు చాలును. అయితే పది లీటర్లకు తక్కువ కారాదు, ఇరువది అయినచో మంచిది. పైన వలగుడ్డయో రంధ్రములున్న మూతయో వేయవలెను, ఏలయనగా ఈ చేప ఎగిరి దుముకును. నీటికిని మూతకును మధ్య గాలికి చోటు విడువుడి. గాలి అందకున్నచో నీటిలోనుండియే ఊపిరాడక చచ్చును. నీళ్ళు 24 నుండి 28 డిగ్రీల వెచ్చదనములో నుండవలెను. మన ఊళ్ళలో చాల మాసములు దీనికి ఇబ్బంది లేదు. మే మాసములో రేకుల ఇంటిలో మాత్రము నీళ్ళు ఉడుకునట్లగును, అప్పుడు నేలమీద చల్లని మూలకు మార్చవలెను. క్రిస్మసు దినముల తెల్లవారుజామున నీళ్ళు చల్లబడును, కిటికీ ప్రక్కనుండి తీసి లోపల పెట్టవలెను.

ఊరి ట్యాంకు నీటిలో బ్లీచింగు పొడి కలుపుదురు. దానిలోని క్లోరిను మొప్పలకు హాని. వెడల్పు బకెట్టులో ఒక దినము మూత లేక ఉంచినచో అది చాల వరకు ఎగిరిపోవును. ఉప్పు తగులు బోరు నీళ్ళు మంచివి కావు. మనము త్రాగు క్యాను నీళ్ళే శ్రేష్ఠమని కొందరు వాటినే పోయుదురు. వాటిలో లవణములు దాదాపు తీసివేయబడియుండును గనుక అవి మాత్రమే పోయుట తగదు. అన్ని నీళ్ళు ఒకేసారి పారబోసి, టబ్బు తోమి, క్రొత్త నీళ్ళు పోయుట మన స్త్రీలకు శుభ్రతగా తోచును. చేపకు అది దెబ్బ. తొట్టి గోడలమీదను రాళ్ళమీదను కంటికి కనబడని సూక్ష్మజీవులు పెరిగి అమ్మోనియాను తక్కువ హాని గలదానిగా మార్చును. అవి స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. గుంటలలో ప్రోబయోటిక్ చల్లు రైతునకు ఈ సంగతి చెప్పిన వెంటనే తెలియును. కావున వారమునకు నాలుగవ వంతు నీళ్ళు మాత్రము తీసి, అంత నిలువ నీళ్ళు పోయవలెను. వడపోత పరికరము లేనివారు వారమునకు రెండు సార్లు చేయవలెను. మేత దాని నోటికి తగిన గుళికలు, దినమునకు రెండు పూటల రెండు మూడు చాలును. దాని కడుపు దాని కంటియంత అని పెంచువారు చెప్పుదురు. దోమ పిల్లలను పట్టి వేసినచో ఎంతో ఇష్టముగా తినును, అయితే తినగలిగినన్ని మాత్రమే వేయుడి, మిగిలినవి దోమలై మిమ్మును కుట్టును.

రెండు మగ చేపలను ఒక నీటిలో ఉంచరాదు. ఒకటి చచ్చువరకు కొట్టుకొనవచ్చును. సయాము దేశములో వీటి పోరాటముపై పందెములు కాచిరి. సంక్రాంతికి కోడిపందెములు వద్దని మేము ప్రతి యేట మందలించుచునే యున్నాము, ఇదియు ఆ కోవలోనిదే. పిల్లలు అద్దము చూపి, అది మొప్పలు విప్పి మీదికి దుముకుట చూచి నవ్వుదురు. ఒక నిమిషము అయినచో పోనిండు. గంటసేపు లేని శత్రువుతో యుద్ధము చేయించుట ఆట కాదు.

ఇవన్నియు చేయలేనివారు కొనకుందురు గాక. చేప లేకుండుట ఏ ఇంటికిని అవమానము కాదు. చేసినచో అది రెండు మూడేండ్లు మీతో నుండును. చేపకు వేలు ఖర్చుపెట్టి, రంగు దీపములు, మోటార్లు పెట్టి, ఆ గాజు తుడుచు పనిపిల్లను వట్టి నేలమీద పండుకొననిచ్చు ఇండ్లును పట్టణములలో మేము చూచితిమి. అక్కడ చేపను గూర్చి మాకు చెప్పవలసినదేమియు లేదు, ఆ బిడ్డకు చాప ఇయ్యుడని తప్ప.

ఇప్పటికే సీసాలో చేప ఉన్నవారు, ఇది చదివి, దానిని కాలువలో వదలి చేతులు కడుగుకొనకుడి. పెంపకములో పుట్టిన చేప అక్కడ బ్రదుకుట కష్టము. ఒకవేళ బ్రదికినచో మన కాలువ చేపలకు తెగులు అంటించవచ్చును. మాటవరుసకు ఇంటిలో పాత టబ్బు ఉండునుగదా, సబ్బు లేకుండ కడిగి నీడను పెట్టుడి. ఈ రాత్రియే బకెట్టులో నీళ్ళు పట్టి మూత లేక ఉంచుడి. రేపు సాయంకాలము ఆ నీళ్ళను టబ్బులో పోసి, సీసానే దానిలో అరగంట తేల్చి, రెండు నీళ్ళ వెచ్చదనము సమానమైన తరువాత, ఆ టబ్బు నీళ్ళనే కొంచెము కొంచెముగా సీసాలో పోయుచు, చివరకు సీసాను మెల్లగా వంచుడి. చేప తనంతట తానే బయటికి వచ్చును. మొదటి దినము మేత వేయనక్కరలేదు.